రాడార్ కేంద్రం ఆనవాళ్లు పట్టడం – 3వ పాఠం: గడ్డిలో దిమ్మెలు

పోయిన పాఠంలో మ్యాపు మీద స్థలం పట్టుకున్నాం. ఈసారి నడకే. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఇంగ్లండ్ తూర్పు తీరపు చెయిన్ హోమ్ కేంద్రాలతోనే సాగుదాం. చెయిన్ హోమ్ అంటే శత్రు విమానాలను దూరం నుంచే పసిగట్టేందుకు తీరం వెంట కట్టిన రాడార్ కేంద్రాల గొలుసు. పడమటి తీరంలో కట్టిన తీరు వేరు, రెండూ కలిపితే గందరగోళమే.

తరంగాలను పంపే టవర్లు ఉక్కువి, 360 అడుగులు. విమానానికి తగిలి తిరిగొచ్చిన వాటిని అందుకునేవి చెక్కవి, 240 అడుగులు. దిక్కు కొలిచే చోట లోహం ఉంటే లెక్క తప్పుతుందని చెక్క వాడారు. ఇప్పుడు టవర్లు దాదాపు ఎక్కడా లేవు. రాడార్‌కు పుట్టిల్లు లాంటి బాడ్సీలో కూడా అక్కడి చివరిదాన్ని 2000లో కూల్చేశారు. మనకు దొరికేవి కాంక్రీటు దిమ్మెలే.

టవర్‌కు నాలుగు కాళ్లు, కాలికో దిమ్మె. మొదటిసారి వెళ్లినప్పుడు నాలుగు దిమ్మెలు కనబడగానే వరసలో ఉండాల్సిన నాలుగు టవర్లూ దొరికాయని సంబరపడి, ఫోటోలు తీసుకుని వచ్చేశాను. తీరా చూస్తే అది ఒక్క టవరే! మిగతావి ముళ్లపొదల అవతల ఉన్నాయి. అందుకే నాలుగు దిమ్మెలకు కలిపి కాగితం మీద ఒక్క చుక్క పెట్టండి.

ఇక ముగ్గు వేసినట్టే. చుక్కలు వరసగా పడితే ఉక్కు టవర్లు, గాలిపటం ఆకారంలో పడితే చెక్కవి. వరసలో నాలుగుకు బదులు మూడే ఉంటే కంగారు పడకండి, కొన్నిచోట్ల అంతే కట్టారు.

ఉక్కు వరస దొరికిందంటే సగం కథ తెలిసినట్టే. ఏరియల్ తీగలు టవర్ల మధ్య తెరలా వేలాడేవి, తరంగాలు ఆ తెరకు ఎదురుగా పోయేవి. గిరగిరా తిరిగే డిష్ ఏమీ లేదు, ఒకే వైపుకు ఫ్లడ్‌లైటు వేసినట్టు. ఆ వరస మీద నిలబడి, దానికి లంబంగా సముద్రం వైపు చూడండి. 1940 వేసవిలో ఆ కేంద్రం కాపలా కాసింది అటే.

డిష్ అన్నాను కదా, లింకన్‌షైర్‌లోని స్టెనిగాట్‌లో ఒక ఉక్కు టవర్ ఇంకా నిలిచే ఉంది. అక్కడి ఫోటోల్లో పొలంలో పడి ఉన్న పెద్ద డిష్‌లు చూసి మోసపోకండి. అవి యుద్ధం ముగిశాక వచ్చిన నాటో సమాచార వ్యవస్థవి.

అభ్యాసం: పొలం యజమానిని అడిగి లోపలికి వెళ్లి, చుక్కల పటం గీయండి. కంపాస్‌తో ఆ లంబ దిక్కు రాసుకోండి. వచ్చే పాఠంలో మట్టికట్టల చాటున ఉన్న ట్రాన్స్‌మిటర్ గదికి వెళ్దాం. టార్చి తెచ్చుకోండి.