వియత్నాం భోజనానికి ఇంటిల్లిపాదీ – 3వ పాఠం: రేకు తడపడం, చుట్టడం

కిందటి పాఠంలో నాలుగు మాటలు నేర్చుకున్నాం. గా అంటే కోడి, బో అంటే గొడ్డు మాంసం, తోమ్ అంటే రొయ్య, చై అంటే శాకాహారం. అవి నోటికి రాకపోతే ఇక్కడే ఆగి మరోసారి చదవండి. ఈసారి పళ్లెంలో ఏముందో చూసుకుని చుట్టుకోవాల్సింది మీరే.

వంటకం పేరు గోయ్ కువొన్. గోయ్ అంటే సలాడ్ లాంటిది, కువొన్ అంటే చుట్టడం. కొన్ని హోటళ్లలో చుట్టి తెస్తారు. కొన్నిచోట్ల ఎండు బియ్యప్పిండి రేకులు, ఆకులు, సన్న సేమ్యా, ఉడికించిన రొయ్యలు, ఒక గిన్నెడు నీళ్లు బల్ల మీద పెట్టి వెళ్లిపోతారు. అక్కడే మనవాళ్లు తడబడతారు.

ఆ రేకును బాన్ చాంగ్ అంటారు. మరిగే నీళ్ల గిన్నెకు గుడ్డ బిగించి కట్టి, దాని మీద పలుచటి బియ్యప్పిండి జారు పూసి ఆవిరి పట్టిస్తారు. వెదురు పుల్లతో లేపి వెదురు తడికల మీద ఎండబెడతారు. రేకును వెలుతురుకు పట్టి చూడండి, తడిక అల్లిక అచ్చు కనిపిస్తుంది. ఆత్రేయపురం చుట్టుపక్కల పెరిగినవాళ్లకి ఇది సగం తెలిసిన పనే. మనం కుండ బోర్లించి, కింద మంట పెట్టి, పిండిలో ముంచిన గుడ్డను పైన ఒక్క లాగు లాగుతాం. వాళ్లది ఆవిరి, మనది సెగ. ఇంకో తేడా ఉంది. బజార్లో దొరికే వియత్నాం రేకుల్లో చాలావాటికి కర్రపెండలం పిండి కలుస్తుంది, మన పెద్దాపురం వైపు సగ్గుబియ్యం చేసే దుంపే. అందుకే అది తడిస్తే సాగుతుంది. పూతరేకు నోట్లో కరిగిపోయేది. దానితో ఈ పాఠం సాధన చెయ్యొద్దు.

వియత్నాంలోని దనాంగ్ నగరంలో ఒక చిన్న హోటల్లో నేను రేకును నీళ్ల గిన్నెలో వేసి, మెత్తబడిందో లేదో అని చూస్తూ కూర్చున్నాను. తీసేసరికి వేళ్లకి అంటుకుని ముద్దయిపోయింది. రెండోదీ అంతే. అమ్మ గిన్నె పక్కకి జరిపింది. చెయ్యి తడి చేసుకుని రేకు మీద రెండు వైపులా ఒకసారి రాసి పళ్లెంలో పరిచింది. "ఇంకా గట్టిగానే ఉందమ్మా" అన్నాను. "ఉండనీరా, నువ్వు ఆకులు సర్దేలోగా అదే లొంగుతుంది" అంది. పూతరేకులు మడతపెట్టేటప్పుడు తడిగుడ్డ అద్దే చెయ్యి అది. ఆ రోజు మా ఇంట్లో అందరికీ చుట్టిపెట్టింది ఆవిడే. ఈ పాఠంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి అదే: రేకు మెత్తబడాల్సింది నీళ్లలో కాదు, పళ్లెంలో.

గిన్నెలో ముంచడమే ఇష్టమైతే రెండు మూడు సెకన్లు చాలు. మీ వైపు అంచుకు కొంచెం లోపలగా లెట్యూస్ ఆకు పరవండి. గరుకు కాడలు రేకును చించకుండా అదే కాపాడుతుంది. దాని మీద సేమ్యా, పుదీనా, కొత్తిమీర. రొయ్యను నిలువుగా రెండుగా చీల్చి, ఎర్రటి వైపు కిందికి ఉండేలా కాస్త ముందుగా పెట్టండి. చుట్టాక ఆ ఎరుపు రేకులోంచి కనబడుతుంది. యాభై కౌంటు, అంటే కిలోకి యాభై తూగే వనామీ రొయ్య సరిపోతుంది, అంతకన్నా పెద్దవైతే రోల్ ఉబ్బుతుంది. దగ్గరి అంచును పైకి కప్పి, వేళ్లతో లోపలికి బిగించి, రెండు పక్కలూ మడిచి, ముందుకు దొర్లించండి. మొదట్లో అందరూ ఎక్కువ కూరేస్తారు. మీరు అనుకున్నదాంట్లో సగం పెట్టండి.

ముంచుకునే నుఒక్ చమ్‌కి చేపల సాస్, పంచదార, నిమ్మరసం ఒక్కో చెంచా, గోరువెచ్చని నీళ్లు మూడు నాలుగు చెంచాలు. పంచదార కరిగాకే తరిగిన వెల్లుల్లి, పచ్చిమిర్చి వెయ్యండి. చేపల సాస్ సీసా మూత తీయగానే వచ్చే వాసనకి వెనక్కి తగ్గకండి. నెత్తళ్లను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన రసం అది. ఎండుచేపల పులుసు తిన్న ఇంట్లో వాళ్లకి రెండో ముంచుకే అలవాటవుతుంది.

హోటల్లో ఒక జాగ్రత్త. గోయ్ కువొన్‌లో రొయ్యతో పాటు పంది మాంసం పెట్టడం మామూలే. మాంసం ముట్టని అత్తయ్యగారో నాయనమ్మో వెంట ఉంటే ముందే "చై" అని చెప్పండి, సాస్ కూడా చేపలు లేనిది అడగండి. వియత్నాం బౌద్ధుల్లో చాలామంది చాంద్రమాసం 1వ, 15వ రోజుల్లో శాకాహారమే తింటారు కాబట్టి ఆ మాట అక్కడ ఎవరికీ వింత కాదు.

సాధన: 22 సెంటీమీటర్ల రేకుల కట్ట ఒకటి తెప్పించుకుని ఆదివారం పది చుట్టండి. అయిదు నీళ్లలో ముంచి, అయిదు తడిచేత్తో రాసి. ఏవి చిరిగాయో, ఏవి అంటుకున్నాయో రాసి పెట్టుకోండి. చుట్టినవి ఒకదానికొకటి తగలకుండా సర్దండి, తగిలితే విడదీసేటప్పుడు చిరుగుతాయి. నాలుగో పాఠం ఫో అనే నూడుల్స్ సూప్ గిన్నె గురించి. దానికి ఒక జత చాప్‌స్టిక్స్, అనాసపువ్వు, దాల్చినచెక్క సిద్ధంగా ఉంచుకోండి.