చలికాలం వానల్లో ఫుట్‌బాల్ గ్రౌండ్ పచ్చికను ఎలా కాపాడుకోవాలి

గ్రౌండ్ మీద నీళ్లు నిలిచాయంటే అందరూ వాననే తిడతారు. నేను మాత్రం పార పట్టుకుని, నీళ్లు నిలిచిన చోటే జానెడు లోతు గుంట తీస్తాను. చాలాసార్లు కనిపించేది ఒకటే. పైన రెండంగుళాలు ముద్దలాంటి బురద, దాని కింద చేత్తో నలిపితే పొడిగా రాలే మట్టి. నీళ్లకు కింద చోటుంది, అక్కడికి పోయే దారే లేదు. బూట్లు తొక్కి తొక్కి పై పొరను మూసేశాయి. చలికాలంలో గ్రౌండ్ చూసుకోవడమంటే నా దృష్టిలో ఆ పై రెండంగుళాలను గుల్లగా ఉంచడమే. కోత, ఇసుక, ఎరువు, ఆటల షెడ్యూలు అన్నీ దాని తర్వాతే.

పన్నెండేళ్లుగా ఒక చిన్న క్లబ్ గ్రౌండ్ చూస్తున్నాను. మాకు ట్రాక్టరు లేదు. మట్టిలో దించే పళ్లున్న ఒక గట్టి ఫోర్కు, వెనక నడుస్తూ తోసే గడ్డి మిషన్, వెడల్పాటి బ్రష్షు, పట్టా కప్పిన ఇసుక కుప్ప, అంతే. ఇలాంటి క్లబ్బుల్లో పని చేసేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు ఒక లెక్క. చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన పడితే 1 లీటరు నీళ్లు. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉన్న గ్రౌండ్ 7,140 చదరపు మీటర్లు. ఒక రాత్రి 10 మి.మీ. వాన కురిస్తే మీ గ్రౌండ్ మీద పడింది 71 వేల లీటర్లకు పైనే. దాన్ని చీపుళ్లతో ఊడ్చి పంపేయాలనుకోవడం అయ్యే పని కాదు. నేలే తాగాలి. ఇంకో సంగతి, నేల వేడి 5, 6 డిగ్రీలకు పడిపోతే రై గడ్డి (చలి ప్రాంతాల గ్రౌండ్లలో వేసే గడ్డి) ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. అంటే చలికాలం నడిమధ్యలో ఊడిపోయిన గడ్డి వసంతం దాకా తిరిగి రాదు. ఈ కొన్ని నెలలు మనం గడ్డిని పెంచడం లేదు, ఉన్నదాన్ని కాపాడుతున్నాం.

పదును చూసి ఫోర్కు దించాలి

సేద్యం తెలిసినవాళ్లకు పదును గురించి, అంటే మట్టిలో పని చేయడానికి సరిపడే తడి గురించి, చెప్పక్కర్లేదు. గ్రౌండ్‌కి కూడా అదే సూత్రం. నాలుగంగుళాల లోతు నుంచి కాస్త మట్టి తీసి అరచేతుల మధ్య తాడులా పేనండి. సన్నగా సాగి, మెరుస్తూ, తెగకుండా ఉంటే ఆ రోజు ఏ పనిముట్టూ లోపలికి పోకూడదు. ఆ తడిలో ఫోర్కు దించితే బంకమట్టిలో పడిన రంధ్రం గోడలు పూత పూసినట్టు నున్నగా అయిపోతాయి. రంధ్రం ఉంటుంది, నీళ్లు మాత్రం ఇంకవు. పేనుతుంటే తాడు ముక్కలుగా విరిగితే పదును వచ్చినట్టు. అప్పుడు ఆలస్యం చేయొద్దు. చలికాలంలో అలాంటి రోజులు కొన్నే దొరుకుతాయి. నేను మిగతా పనులన్నీ పక్కనపెట్టి ఆ రోజు ఫోర్కు పట్టుకుంటాను.

ఫోర్కును నిటారుగా నాలుగు నుంచి ఆరంగుళాలు దించండి. పిడిని మీవైపు కొద్దిగా వంచండి. పచ్చిక కాస్త ఉబ్బినట్టు కదిలితే చాలు, పెళ్లగించకూడదు. అలాగే బయటికి లాగి అర అడుగు వెనక్కి జరిగి మళ్లీ దించండి. ఎప్పుడూ వెనక్కే నడవాలి, లేకపోతే గుల్ల చేసిన చోటును మనమే తొక్కేస్తాం. ప్రతిసారీ ఒకే లోతుకు దించితే ఆ లోతులో ఒక గట్టి పొర తయారవుతుంది కాబట్టి ఒకసారి నాలుగు, ఇంకోసారి ఆరు అంగుళాలు చేస్తుంటాను.

గ్రౌండ్ మొత్తం చేత్తో చేయలేం, చేయక్కర్లేదు కూడా. రెండు గోల్‌ల ముందు చోటు, పెనాల్టీ స్పాట్ చుట్టూ, సెంటర్ సర్కిల్, టచ్‌లైన్ పక్కన అసిస్టెంట్ రిఫరీలు పరుగెత్తే బాట, నీళ్లు చేరే పల్లం. ఈ ఐదు చోట్లూ చూసుకుంటే మిగతా గ్రౌండ్ చాలావరకు తన పని తాను చేసుకుంటుంది. కత్తులున్న రోలర్ అద్దెకు దొరికితే మిగతా భాగాన్ని దానితో చీల్చుకోవచ్చు. కానీ వసంతం ఎండలు మొదలవక ముందే ఆపేయాలి. నేల ఆరుతుంటే ఆ చీలికలు నోళ్లు తెరుచుకుంటాయి. ట్రాక్టరుతో లాగే మిషన్లు తొమ్మిది, పది అంగుళాల లోతుకు పోతాయి, మంచి పనే చేస్తాయి, అయితే దాన్ని వానలు ముదరక ముందే చేయించుకోండి. తడి నేల మీదికి ట్రాక్టరు వస్తే చక్రాల కింద అణిగేదే ఎక్కువ.

కింద మురుగు పైపులు వేసిన గ్రౌండ్ అయితే మొదటి పెద్ద వానకు గొడుగు వేసుకుని పైపులు బయటికి వచ్చే చోటికి వెళ్లి చూడండి. పైన నీళ్లు నిలిచి ఉండి పైపు పొడిగా ఉంటే పై పొర మూసుకుపోయిందని అర్థం. పైపు మూతి కాలువ నీళ్లలో మునిగి ఉంటే కాలువ పూడిక తీయాలి. కొత్త పైపుల కోసం డబ్బు పోగుచేసే ముందు ఈ రెండూ చూసుకోవాలి. ఆకులు రాలే రోజుల్లో ఆ మూతుల దగ్గర ఆకులు తీసేయడం వారానికోసారి పని.

ఇసుక

మొదటి ఏళ్లలో నేను చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే. గోల్ ముందు బురదైతే ఇల్లు కట్టే ఇసుక బండ్లకొద్దీ తోలి పోసి, బురదలో కలిపేశాను. ఆ వారం మ్యాచ్ బాగానే జరిగింది. తర్వాత అది గచ్చులా బిగుసుకుపోయింది. వసంతంలో నాలుగంగుళాల లోతు తవ్వి, మొత్తం తీసేసి, కొత్త మట్టి వేయాల్సి వచ్చింది. బంకమట్టిలో కొద్దిపాటి ఇసుక కలిస్తే నేల గుల్లబారదు, ఇంకా గట్టిపడుతుంది. కట్టుబడి ఇసుకలో సన్నటి ధూళి, మట్టి ఉంటాయి, అవి ఉన్న కాస్త సందులనూ పూడ్చేస్తాయి. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది.

కావలసింది కడిగిన, రేణువులన్నీ ఇంచుమించు ఒకే మధ్యస్థ సైజులో ఉండే ఇసుక. ఫోర్కు రంధ్రాలు తీసిన తర్వాత, పైన పొడిగా ఉన్నప్పుడు, పలుచగా చల్లి బ్రష్షుతో రంధ్రాల్లోకి నెట్టాలి. చల్లాక గడ్డి కొనలు పైకి కనిపిస్తూనే ఉండాలి. ఒకసారి ఒక రకం మొదలుపెడితే ఏటా అదే రకం వాడండి. రకం మారితే పొరలు పొరలుగా ఏర్పడి, వేర్లు ఆ పొర దగ్గరే ఆగిపోతాయి.

ఆడాలా, ఆపాలా

గ్రౌండ్ ఆటకు పనికొస్తుందా లేదా అని చివరిమాట చెప్పేది రిఫరీ. కానీ రిఫరీ వచ్చేలోపే మనకు తెలిసిపోవాలి. నేను పొద్దున్నే మూడు పనులు చేస్తాను. మడమతో గట్టిగా నొక్కి చూస్తాను. బూటు చుట్టూ నీళ్లు ఊరి పైకి వస్తే ఆ చోట ఆట నేలను పాడు చేస్తుంది. తల ఎత్తు నుంచి బంతిని ఐదారు చోట్ల వదులుతాను. ఎగరకుండా అతుక్కుంటే మంచి గుర్తు కాదు. తర్వాత బంతిని నేల మీద దొర్లిస్తాను, మధ్యలో నీటిలో ఆగిపోతుందేమో చూస్తాను.

నీళ్లు నిలిచిన చోట మ్యాచ్‌కి ముందు అందరూ చేసేది రబ్బరు పట్టీతో తోయడం. అలా తోసినప్పుడు సన్నటి బురద రంధ్రాల్లోకి పూతలా వెళ్లి వాటిని మూసేస్తుంది. నేను స్పాంజి, బకెట్ వాడతాను. స్పాంజి చుట్టిన రోలర్ ఉంటే ఇంకా మేలు. నీటిని పీల్చేయాలి, రుద్దకూడదు.

మంచు పడిన రోజు వేరే జాగ్రత్త. గడ్డి మీద మంచు తెల్లగా బిగిసి ఉన్నప్పుడు ఎవర్నీ అడుగు పెట్టనివ్వకండి. ఆకు లోపలి కణాలు విరిగిపోతాయి, తర్వాత అడుగుల గుర్తులు నల్లగా తేలతాయి. అంతకంటే ప్రమాదం, ఎండకు పై అంగుళం కరిగి కింద ఇంకా గడ్డకట్టి ఉన్న నేల. చూడ్డానికి మెత్తగా ఉంటుంది. నీళ్లు కిందికి దిగవు, బూటు పళ్లు పట్టు దొరక్క జారతాయి, వేర్లు తెగిపోతాయి. ఆ రోజు ఆట వద్దనే చెప్తాను. కరగాలని ఉప్పు చల్లే ఆలోచన మాత్రం రానీయకండి, గడ్డి చచ్చిపోతుంది.

"అన్నా, అరగంటే ప్రాక్టీస్, ఒక మూలన చేసుకుంటాం" అని పిల్లలు అడుగుతారు. ఆడాలనే తపనతోనే అడుగుతారు, నాకూ కాదనడం కష్టంగానే ఉంటుంది. అయినా తడి నేల మీద ఆ అరగంట పాడు చేసింది బాగవ్వడానికి నెలలు పడుతుంది. వద్దనడంతో పాటు వేరే చోటు చూపిస్తే గొడవ ఉండదు. వార్మప్ గ్రౌండ్ హద్దుల బయట చేయించండి. గోల్‌కీపర్ల ప్రాక్టీస్‌కి కదిలే గోల్ ఒకటి పక్కన పెట్టి, దాన్ని వారం వారం జరపండి. అసలు గోల్ ముందు చోటును మ్యాచ్‌కి తప్ప తొక్కకపోతే ఎంత తేడా వస్తుందో నెల తిరిగేసరికి కంటికే కనిపిస్తుంది.

చాలా క్లబ్బులు పట్టించుకోని ఉపాయం ఒకటుంది. ఒక్కో అసిస్టెంట్ రిఫరీ తన టచ్‌లైన్‌లో సగమే పరుగెత్తుతాడు. వారం వారం అదే సగం నలిగి బురదవుతుంది. మిగతా సగం పచ్చగానే ఉంటుంది. మ్యాచ్ ముందు రిఫరీ గారిని మర్యాదగా అడిగితే, తాను గ్రౌండ్‌లో మూల నుంచి మూలకు ఏటవాలుగా పరుగెత్తే దారిని రెండో వైపుకు మార్చుకుంటారు, దాంతో అసిస్టెంట్లు కూడా మిగతా సగాలకు మారతారు. అప్పుడు ఆ పచ్చటి సగాలు వాడకంలోకి వచ్చి, నలిగిన చోటుకు విశ్రాంతి దొరుకుతుంది. నేను నెలకోసారి అడుగుతాను, ఎవరూ కాదనలేదు.

మ్యాచ్ అయిన వెంటనే

ఆటగాళ్లు బట్టలు మార్చుకునే ఆ గంటే నాకు వారం మొత్తంలో ముఖ్యమైనది. ఊడిన పచ్చిక పెళ్లలు ఇంకా తడిగా, ప్రాణంతో ఉంటాయి. తెల్లారేదాకా వదిలితే వేర్లు ఎండిపోతాయి. ఫోర్కు పట్టుకుని ఒక పక్క నుంచి వరసగా నడవండి. వేరు పచ్చగా ఉన్న పెళ్లను దాని గుంటలోనే పెట్టి, పాదంతో మెల్లగా నొక్కండి. బూటు దిగబడిన గుంటలను మట్టితో పూడ్చే ముందు, గుంట అంచు పక్కన ఫోర్కును ఏటవాలుగా దించి అడుగు నుంచి పైకి లేపండి. అణిగిన మట్టి మళ్లీ సమానంగా వస్తుంది, నేల కూడా గుల్లబారుతుంది. వేరు లేని ముక్కలను ఏరేయాలి, అవి పడి ఉంటే కింది గడ్డికి గాలి ఆడక కుళ్లుతుంది. బెంచి మీది కుర్రాళ్లు నలుగురు కలిస్తే గంట పని ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

చదునుగా కనిపించాలని బరువైన రోలర్ లాగే అలవాటు ఉంటే మానేయండి. తడి నేల మీద రోలర్ అంటే మనం వారమంతా తెరిచిన సందులను ఒక గంటలో మూసేయడమే. వానపాములు పైకి తోసిన మట్టి ఉండలను కూడా ఆరేదాకా ముట్టుకోవద్దు. పొడిబారాక బ్రష్షుతో తేలిగ్గా చెదిరిపోతాయి, తడిలో రుద్దితే జిగురుగా గడ్డి మీద పరుచుకుంటాయి. వానపాములను చంపాలని చూడకండి. అవి చేసే బొరియల్లోంచే మన నీళ్లు దిగుతున్నాయి.

కోత గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 30 నుంచి 35 మి.మీ. ఎత్తు ఉంచండి, ఒక్కసారికి మూడో వంతుకు మించి కోయకండి, బ్లేడు పదునుగా ఉండాలి, గడ్డి ఆరి ఉండాలి. మిషన్ తిప్పే చోటు ప్రతిసారీ మార్చండి. పొద్దున మంచు తేమ ఎక్కువగా ఉంటే ఇద్దరు చెరో కొస పట్టుకుని పొడవాటి తాడును గడ్డి మీదుగా లాగండి. నీటి చుక్కలు రాలిపోతాయి. చల్లటి తడిలో వ్యాపించే శిలీంధ్ర మచ్చలు ఆకు ఎంతసేపు తడిగా ఉంటే అంత ఎక్కువ వస్తాయి. చలికాలం ముంగిట నత్రజని ఎరువు ఎక్కువ వేసినా అంతే, లేత ఆకు వచ్చి రోగానికి దొరుకుతుంది. ఆ సమయంలో నత్రజని తక్కువ, పొటాష్ ఎక్కువ ఉన్న ఎరువే వేస్తాను.

గీతలకు గ్రౌండ్ పెయింట్ తప్ప సున్నం వాడకండి. పడిపోయిన ఆటగాడి చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది.

నేల వేడి మళ్లీ 8, 10 డిగ్రీలు దాటాక గోల్ ముందు మట్టిని పైపైన గీరి, చదరపు మీటరుకు 35 నుంచి 50 గ్రాముల రై గడ్డి విత్తనం చల్లుతాను. పక్షులు తినకుండా వల కప్పుతాను. మొలిచి, రెండు మూడు కోతలు పడేదాకా చుట్టూ తాడు కట్టే ఉంచుతాను, ఎవరు అడిగినా విప్పను.