రోమన్ వెండి నాణెం ఎలా తయారైందో దాన్ని చూసే ఎలా చెప్పాలి

నల్లగా ఉంది కదా అని చింతపండు వేసి తోమేయకండి ప్లీజ్, పైపొర గీరుకుపోతే ఇక చూడ్డానికి ఏమీ మిగలదు. అంచులు పట్టుకుని, పక్కనుంచి లైట్ పడేలా పెట్టుకుని, భూతద్దంతో చూడండి.

నేను చెప్పేది దెనేరియస్ గురించి, కార్తేజ్ సేనాని హానిబాల్‌తో యుద్ధం నడుస్తున్నప్పుడు క్రీ.పూ. 211 ప్రాంతంలో రోమ్ మొదలుపెట్టిన నాణెం ఇది. మన నల్గొండ వైపు అక్కనపల్లిలో ఒక్కచోటే ఇవి వెయ్యికి పైగా దొరికాయి, వాటిలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలంవే ఎక్కువ.

ముందు బరువు చూడండి, కంసాలి త్రాసు చాలు. అగస్టస్ కాలంది అయితే 3.9 గ్రాములకి దగ్గర్లో ఉండాలి, అరిగిపోతే కాస్త తక్కువ. క్రీ.శ. 64లో నీరో బరువు తగ్గించి వెండిలో రాగి కూడా పెంచాడు, అప్పట్నుంచి 3.4 గ్రాములే.

తర్వాత అంచు. దీన్ని అచ్చులో పోయలేదు, కొట్టారు, అదే అసలు విషయం. బొమ్మ అచ్చుని దాగలిలో బిగించి, వేడిచేసిన వెండి బిళ్ళని పట్టకారుతో దానిమీద పెట్టి, బొరుసు అచ్చు ఉన్న ఇనప గూటం పైన ఆనించి సుత్తితో ఒక్కటి వేస్తారు, ఆ దెబ్బకి వెండి పక్కలకి పాకి అంచులు చిట్లుతాయి, అందుకే ఆ చీలికలు ఉంటే మంచి గుర్తు. చుట్టూ గీతలాంటి అతుకు, సన్నని గాలి బుడగలు కనిపిస్తే మాత్రం పోతపోసిన నకిలీ అని అనుమానించాలి. అంచు దగ్గర ఎర్రగా రాగి బయటపడిందా, అది లోపల రాగి పెట్టి పైన వెండి రేకు చుట్టినది, ఇలాంటివి రోమన్ల కాలంలోనే చేశారు.

ఇప్పుడు బొమ్మ పక్కకి జరిగి ఉంటే కంగారుపడొద్దు, బిళ్ళ మధ్యలో పెట్టలేదు అంతే. నాకు బాగా ఇష్టమైనది ఇంకోటుంది, ముందు కొట్టిన నాణెం పై అచ్చుకే అతుక్కుపోయి, పనివాడు చూసుకోకుండా ఇంకో బిళ్ళ పెట్టి కొట్టేస్తే, ఒకవైపు చక్రవర్తి తల మామూలుగా, రెండోవైపు అదే తల తిరగబడి గుంటగా పడుతుంది. రెండువేల ఏళ్ళ కిందటి ఒక పనివాడి హడావిడి అలాగే మిగిలిపోయింది!

చేత్తో కొట్టినవి కాబట్టి చీలికలతో సహా అచ్చంగా ఒకేలా ఉన్న రెండు నాణేలు కనిపిస్తే కొనొద్దు.

పొలంలో దొరికితే మాత్రం 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టర్‌కి చెప్పాలి, కుండతో సహా అన్నీ కలిపే ఇవ్వండి, ఎందుకంటే అందులో అన్నిటికంటే కొత్త నాణెం ఏదో దాన్నిబట్టే ఆ కుండని ఏ కాలం తర్వాత పాతిపెట్టారో చెప్పగలిగేది.