నిమ్మ, బత్తాయి వాసనతో ఫ్రెంచ్ టోస్ట్ ఎలా చేయాలి?

నెల్లూరులో ఆదివారం పనంతా మధ్యాహ్నానిదే. చేపలు తేవాలి, తోమాలి, పులుసు పెట్టాలి. అలాంటి రోజు పొద్దున్నే పొయ్యి ముందు నిలబడి కారం దోసెలు ఒక్కొక్కటీ పోసే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. అందుకే నెలలో రెండు ఆదివారాలు మాకు ఈ టోస్టే టిఫిన్. అరగంటలో అయిపోతుంది, పొట్ట బరువెక్కదు, పులుసుకి చోటు మిగులుతుంది.

బ్రెడ్డును కోడిగుడ్డులో ముంచి కాల్చడం మనకి తెలియనిదేం కాదు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి కారంగా చేసుకుంటూనే ఉంటాం. ఇందులో కారం బదులు తీపి, దానికి తోడు నిమ్మ వాసన. ఫ్రెంచి వాళ్లు దీన్ని పాన్ పెర్ద్యూ అంటారట, అంటే పోగొట్టుకున్న రొట్టె. గట్టిపడి పారేయాల్సి వచ్చిన బ్రెడ్డును పాలు, గుడ్డుతో మళ్లీ తినేలా చేసుకోవడమన్నమాట.

మొదటిసారి నేను చేసిన తప్పు ముందే చెప్తాను. నిమ్మ రుచి కావాలి కదా అని పాలు, గుడ్లు గిలక్కొట్టిన గిన్నెలోనే ఒక కాయ పిండేశాను. రెండు నిమిషాల్లో పాలు విరిగి ముక్కలు ముక్కలయ్యాయి. మా అత్త గిన్నెలోకి తొంగిచూసి, "ఏందమ్మే, పొద్దున్నే పన్నీరు చేస్తుండావా?" అంది. ఆ రోజు ఉప్మా తిన్నాం.

నిమ్మకాయలో వాసన వేరు, పులుపు వేరు. వాసన పైతొక్కలోని సన్నటి నూనె తిత్తుల్లో ఉంటుంది, పులుపు రసంలో ఉంటుంది. తొక్క పాలలోకి పోవాలి, రసం పాకంలోకి పోవాలి. ఈ రెండూ కలవకుండా చూసుకుంటే మిగతాదంతా సులువే.

నలుగురికి కావలసినవి: బ్రెడ్డు ముక్కలు 8, కోడిగుడ్లు 4, కాచి చల్లార్చిన చిక్కటి పాలు 1 కప్పు (250 మి.లీ.), చక్కెర పాలలోకి 1 పెద్ద స్పూను, పాకానికి అర కప్పు, నిమ్మకాయలు 2, బత్తాయిలు 2, చిటికెడు ఉప్పు, కాల్చడానికి నెయ్యి. పాలు వేడిగా ఉంటే గుడ్డు అక్కడే ఉడికిపోతుంది కాబట్టి పూర్తిగా చల్లారనివ్వండి.

పొదలకూరు, గూడూరు నిమ్మ మార్కెట్లు దగ్గరుండబట్టి మాకు మంచి కాయలకు కరువు లేదు, ధర సంగతే చెప్పలేం. 2022 ఎండాకాలంలో ఒక్కో కాయ 10 రూపాయలు పలికింది. తొక్క తురుముకుని, ఆ కాయనే పిండుకోవడం నాకు అప్పుడే అలవాటైంది. ఈ వంటకి పలచటి తొక్క ఉండి, నున్నగా మెరిసే కాయలు ఏరుకోండి. తోటల్లో మందులు కొడతారు కాబట్టి గోరువెచ్చటి నీళ్లలో బాగా రుద్ది కడిగి, తుడిచి, ఆ తర్వాతే తురమండి.

తొక్క తురమడం

అల్లం తురుముకునే సన్న రంధ్రాల వైపు వాడండి. పైనున్న ఆకుపచ్చ లేదా పసుపు పొర మాత్రమే రావాలి. కింద తెల్లటి పొర కనబడగానే కాయ తిప్పేయండి, అది చేదు. రెండు నిమ్మకాయల తొక్క, ఒక బత్తాయిలో సగం తొక్క చాలు. ఈ తురుమును స్పూను చక్కెరలో వేసి వేళ్లతో నిమిషం సేపు నలపండి. చక్కెర తడిసి, తొక్కలోని నూనె దానికి పట్టుకుంటుంది. వంటిల్లంతా గుప్పుమంటుంది. ఇది మాత్రం బద్ధకించకండి. ఊరికే తురుము పాలలో వేస్తే ఇందులో సగం వాసన కూడా రాదు.

ఈ చక్కెరలో గుడ్లు కొట్టి, ఉప్పు వేసి బాగా గిలక్కొట్టి, పాలు కలపండి. తెల్లసొన తీగలు మిగలకూడదు. యాలకులు, వెనీలా నేను వెయ్యను. గుడ్డు నీచు వాసన పోవడానికి నిమ్మ తొక్క చాలు, యాలకులు వేస్తే నిమ్మ ఉన్నట్టే తెలియదు.

బ్రెడ్డు సంగతి

బేకరీలో కోయని బ్రెడ్డు తీసుకుని ముక్కలు మందంగా, ముప్పావు అంగుళం ఉండేలా కోసుకుంటే మంచిది. రాత్రంతా ఆరబెట్టమని చాలామంది చెప్తారు. మన వైపు ఉక్కకి అది జరిగే పని కాదు, పొద్దునకి బ్రెడ్డు ఆరకపోగా చీమలు పడతాయి. దానికి బదులు ఖాళీ పెనం మీద సన్న సెగన రెండు వైపులా నిమిషం చొప్పున వెచ్చబెట్టండి. పైన కాస్త గట్టిపడితే పాలు పీల్చినా చిరిగిపోదు.

కాల్చడం

దోసెల పెనం వాడేటట్టయితే ముందు వాసన చూడండి. రోజూ ఉల్లిపాయతో రుద్దే పెనం మీద తీపి టోస్ట్ ఎలా ఉంటుందో నాకు అనుభవమే. వేరే పెనం ఉంటే అదే నయం.

సన్న సెగ మీద పెనం వేడెక్కాక స్పూను నెయ్యి వేయండి. వెన్న కూడా బాగుంటుంది గానీ తొందరగా మాడుతుంది. మందం ముక్కను ఒక్కో వైపు అర నిమిషం ముంచి, అంచున కారేది కారనిచ్చి పెనం మీద పెట్టండి. దుకాణంలో దొరికే పలచటి ముక్కలైతే ఇటు అయిదు సెకన్లు, అటు అయిదు సెకన్లు, అంతే. పెనం మీద కాలడానికి ఒక్కో వైపు మూడు నిమిషాలు పడుతుంది. మంట పెంచితే చక్కెర ఉంది కాబట్టి పైన నల్లబడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. అట్లకాడతో మధ్యలో నొక్కి చూడండి. తడి బయటికి ఊరితే ఇంకాసేపు ఉంచండి, మెత్తగా పైకి లేస్తే దించేయొచ్చు.

పాకం

టోస్ట్ కాలేలోపు పక్క పొయ్యి మీద అర కప్పు చక్కెర, పావు కప్పు నీళ్లు పెట్టండి. తీగ పాకం అక్కర్లేదు, చక్కెర కరిగి రెండు పొంగులు వచ్చి వేలికి జిగురుగా తగిలితే చాలు. దించి, రెండు నిమిషాలు ఆగి ఒకటిన్నర నిమ్మకాయ రసం పిండండి. బత్తాయి రసం ఇందులో పొయ్యకండి. అది వేడి తగిలినా, పిండి కాసేపు ఉంచినా చేదు తిరుగుతుంది. బత్తాయిని తొనలుగా వొలిచి, పైపొర, గింజలు తీసేసి పచ్చిగానే టోస్ట్ పక్కన పెట్టండి.

వేడి టోస్ట్ మీద రెండు స్పూన్ల పాకం, పైన బత్తాయి తొనలు. మా అత్త తన దాని మీద మీగడ కూడా వేసుకుంటుంది.

గుడ్డు తినని వాళ్లుంటే, పాలలో రెండు స్పూన్ల కస్టర్డ్ పొడి ఉండ కట్టకుండా కలిపి ముంచుకోవచ్చు. రుచి అంత రాదు, కానీ ఎర్రగా కాలుతుంది.

మిగిలిన పాకం ఫ్రిజ్‌లో వారం దాకా ఉంటుంది. చల్లటి నీళ్లలో నాలుగు స్పూన్లు, చిటికెడు ఉప్పు వేసి కలిపితే, చేపలు తెచ్చి ఎండన పడి ఇంటికొచ్చిన మనిషికి షర్బత్ సిద్ధం.