నీళ్లలో వెలుగును అయస్కాంతంతో తిప్పడం ఎలా?

విజయనగరం, శ్రీకాకుళం సైన్స్ ఫెయిర్లలో ఈ ప్రయోగం చాలాసార్లు చూశాను. ఎక్కువసార్లు చివరికి వినిపించేది ఒక్కటే: "సార్, నిన్న వచ్చిందండీ, ఇవాళ రావట్లేదు." నిన్న కూడా వచ్చి ఉండదు.

1845లో ఇంగ్లండు శాస్త్రవేత్త ఫారడే బరువైన సీసపు గాజులో దీన్ని కనిపెట్టాడు. వెలుగు వెళ్లే దారి వెంట అయస్కాంత క్షేత్రం ఉంటే, ఆ వెలుగు కంపించే దిశ కొద్దిగా తిరుగుతుంది. మనకు నీళ్లు చాలు.

సామాన్లు: ఎర్ర లేజర్ పాయింటర్, రెండు పోలరాయిడ్ ముక్కలు (ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే వదిలే పలకలు), చిన్న సోలార్ సెల్, మల్టీమీటర్, 12 వోల్టుల బ్యాటరీ. త్రీడీ సినిమా కళ్లజోడు పనికిరాదు, అది వేరే రకం. పది సెంటీమీటర్ల గాజు గొట్టానికి రెండు వైపులా మైక్రోస్కోప్ స్లయిడు ముక్కలు అంటించి నీళ్లు నింపండి. రివైండింగ్ షాపులో 18 గేజి రాగి తీగ తెచ్చి, గొట్టం పొడవునా 500 చుట్లు చుట్టండి. బ్యాటరీకి, కాయిల్‌కి మధ్య బైకు హెడ్‌లైట్ 35 వాట్ల బల్బు పెడితే కరెంటు మూడు ఆంపియర్ల లోపే ఉంటుంది. బల్బును బల్లకింద పెట్టండి, దాని వెలుగు సెల్ మీద పడకూడదు. లేజర్ కంట్లోకి పోనివ్వొద్దు.

లేజర్, పోలరాయిడ్, గొట్టం, రెండో పోలరాయిడ్, సెల్, ఇదే వరస. మీటర్‌ను సెల్‌కు కలిపి, వోల్టుల మీద కాదు, మైక్రో ఆంపియర్ల మీద పెట్టండి. వోల్టేజి వెలుగుకు తగ్గట్టు సమంగా మారదు.

ఇక అందరూ పాడుచేసే చోటు. రెండో పోలరాయిడ్‌ను వెలుగు పూర్తిగా ఆరిపోయేదాకా తిప్పుతారు. చీకట్లో చిన్న వెలుగైనా కనబడుతుందని ఆశ. కనబడదు. మన కాయిల్ తిప్పేది డిగ్రీలో మూడో వంతు. పూర్తి చీకటి దగ్గర దాని వల్ల బయటపడే వెలుగు లక్షలో మూడు వంతులు. అదే రెండు పోలరాయిడ్ల మధ్య కోణం 45 డిగ్రీల దగ్గరైతే తేడా వందలో ఒక వంతుకు పైనే. మీటర్ 400 చూపిస్తుంటే నాలుగైదు అంకెలు కదులుతాయి. వెలుగు గరిష్ఠంగా ఉన్నచోటు నుంచి తిప్పుతూ, రీడింగు సరిగ్గా సగానికి వచ్చాక ఆపండి. అదే 45. ఆ తర్వాత పోలరాయిడ్‌ను టేపుతో బిగించేయండి, చెయ్యి తగిలితే మళ్లీ మొదటికే.

ఇంకో జాగ్రత్త. స్విచ్చి ఆన్, ఆఫ్ చేసి తేడా చూడకండి. కాయిల్ వేడెక్కి నీళ్లు వేడెక్కితే కూడా రీడింగు జారుతుంది, దాన్నే తిరుగుడు అనుకుని ఎగిరి గంతేసినవాళ్లున్నారు. రెండు వైపుల స్విచ్చి పెట్టి కరెంటు దిశ మార్చండి. వేడి దిశను బట్టి మారదు, తిరుగుడు మారుతుంది. తేడా కూడా రెట్టింపవుతుంది. ఒక్కో దిశలో ఐదు సెకన్లు, పదిసార్లు. నీళ్లు తీసేసి మళ్లీ చేసినప్పుడు కూడా అదే తేడా వస్తే, అది నీళ్ల వల్ల వచ్చిన తిరుగుడు కాదని అర్థం.

ఆకుపచ్చ లేజర్‌తో ఎక్కువ తిరుగుతుందని వాదిస్తారు. నిజమే, కానీ చవక ఆకుపచ్చ పాయింటర్ల వెలుగు నిలకడగా ఉండదు. నాకు ఎర్రదే కావాలి.

మైక్రోవేవ్‌లకూ ఇదే తిరుగుడు ఉంది. ఫెర్రైట్లలో (ఇనుము ఆక్సైడు కలిసిన, పింగాణీ లాంటి అయస్కాంత పదార్థాలు) వెలుగు కన్నా చాలా గట్టిగా తిరుగుతాయి. రాడార్లలో తరంగం ఒకవైపే పోయేలా చేసే ఐసొలేటర్లు కొన్ని దాని మీదే పనిచేస్తాయి. అక్కడ మాంగనీసు కలిసిన ఫెర్రైట్లు కూడా ఉంటాయి. మన గరివిడి, చీపురుపల్లి వైపు తవ్వే మాంగనీసు గుర్తొచ్చిందా?