ఫార్మాట్ కొట్టించే ముందు: పాత ఫ్లైట్ సిమ్యులేటర్ ఉన్నవాళ్లకు జాగ్రత్తలు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ ఆపేసింది. అప్పటి నుంచి విజయవాడలో నాకు తెలిసినవాళ్ల సిస్టమ్‌లు ఒక్కొక్కటే షాపు మెట్లెక్కుతున్నాయి. పటమటలో ఉండే మిత్రుడొకడు కూడా ఈ మధ్యే ఇచ్చాడు. సాయంత్రానికి విండోస్ 11తో ఇంటికొచ్చింది. మైక్రోసాఫ్ట్ పాత సిమ్యులేటర్ ఎఫ్‌ఎస్‌ఎక్స్ (ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్) మళ్లీ ఎక్కించి, అందులో నడపడానికి విడిగా డబ్బులు పెట్టి కొన్న బోయింగ్ విమానానికి కీ (కొన్నప్పుడిచ్చే కోడ్) కొడితే "యాక్టివేషన్ పరిమితి దాటింది" అని వచ్చింది. అమ్మినవాళ్లకు మెయిల్ రాస్తే, ఆ వెర్షన్‌కు సపోర్ట్ లేదని ఒక్క లైన్ జవాబు.

గ్రాఫిక్స్ డ్రైవర్లు, కూలింగ్ లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పేది ఒక్కటే: పాత విండోస్ ఇంకా బతికుండగానే ప్రతి యాడ్-ఆన్‌నూ (సిమ్యులేటర్‌కు విడిగా కలిపే విమానం, ఎయిర్‌పోర్ట్ సీనరీ లాంటివి) డీయాక్టివేట్ చేయండి, అంటే ఈ సిస్టమ్‌లో ఇక వాడట్లేదని కంపెనీ సర్వర్‌కు చెప్పండి.

ఎందుకంటే, డబ్బులిచ్చి కొనే చాలా యాడ్-ఆన్ల కీ మీ సిస్టమ్‌కు ముడిపడి ఉంటుంది. ఎన్ని సిస్టమ్‌లలో వాడారన్న లెక్క కంపెనీ సర్వర్ దగ్గర ఉంటుంది. ఫార్మాట్ కొట్టిన సంగతి ఆ సర్వర్‌కు తెలియదు. పాత ఊళ్లో రేషన్ కార్డులో పేరు తీయించకుండా కొత్త ఊళ్లో కార్డు అడిగినట్టే ఉంటుంది. ఒకప్పుడు మెయిల్ పెడితే ఎవరో ఒకరు రీసెట్ చేసేవారు. 2006లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎక్స్ కోసం ఇప్పుడెవరు కూర్చుంటారు? దాన్ని తయారుచేసిన ఏసెస్ స్టూడియోనే మైక్రోసాఫ్ట్ 2009లో మూసేసింది.

యాడ్-ఆన్ డెవలపర్లను పూర్తిగా తప్పు పట్టను. ఎఫ్‌ఎస్‌ఎక్స్ 32 బిట్ ప్రోగ్రామ్, 4 జీబీ దాటి మెమరీ వాడలేదు. పెద్ద ఎయిర్‌పోర్ట్ సీనరీ, బరువైన విమానం కలిస్తే ల్యాండింగ్ ముందు మెమరీ చాలక ఆగిపోతుంది. అందులో ఇంకా కొత్త ఫీచర్లు పెట్టమనడం అన్యాయం. వాళ్లకు మైక్రోసాఫ్ట్ కొత్త సిమ్యులేటర్లు 2020, 2024 రెండూ చూసుకోవాల్సి వస్తోంది. కానీ ఫీచర్లు ఆపడం వేరు, డబ్బులు తీసుకున్న వస్తువుకు తాళం వేసి వెళ్లిపోవడం వేరు. సపోర్ట్ ఆపేవాళ్లు కీ అడగని చివరి ఇన్‌స్టాలర్ ఇచ్చి ఆపాలి. అది ఇచ్చేదాకా మన జాగ్రత్త మనదే.

ఇక మిగతావి:

ఇన్‌స్టాలర్లు, కీలు, కొన్నప్పటి రసీదు మెయిళ్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పెట్టండి. డౌన్‌లోడ్ లింక్ ఉందిగా అనుకోకండి. అమ్మినవాడు దుకాణం కట్టేస్తే లింకూ పోతుంది.

ఆ డిస్క్ నేల మీద పెట్టకండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్లు ఏమయ్యాయో చూశాం.

షాపు కుర్రాడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కాపీ చేసి "డేటా సేఫ్ సార్" అంటాడు. మీ సెట్టింగులు, సీనరీ జాబితా ఉండేది యాప్‌డేటా, ప్రోగ్రామ్‌డేటా అనే దాచిన ఫోల్డర్లలో. అవి మీరే కాపీ చేసుకోండి.

ఎఫ్‌ఎస్‌ఎక్స్ కొత్తగా వేసేటప్పుడు ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో వేయకండి. అక్కడ యాడ్-ఆన్లు ఫైళ్లు రాయబోతే విండోస్ అడ్డుపడుతుంది. డి డ్రైవ్‌లో వేరే ఫోల్డర్ చేసుకోండి.

క్రాక్ (కీ లేకుండా నడిపించే దొంగ ఫైల్) జోలికి పోకండి.

యాంటీవైరస్ ఆపమని డెవలపరే రాసినా ఆపకండి. 2018లో ఫ్లైట్‌సిమ్ ల్యాబ్స్ అనే కంపెనీ అమ్మిన ఏ320 విమానం యాడ్-ఆన్ ఇన్‌స్టాలర్‌లో క్రోమ్ పాస్‌వర్డ్‌లు లాగే ప్రోగ్రామ్ బయటపడింది. పైరసీ చేసేవాణ్ణి పట్టుకోవడానికే పెట్టామన్నారు. అయినా అందరి సిస్టమ్‌లోకీ వెళ్లింది.

ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో గన్నవరంలో లేచి హైదరాబాద్ వెళ్తే శంషాబాద్ కనపడలేదని కంగారు పడకండి, అది 2008లో మొదలైంది. బేగంపేటలో దిగండి. దాని కోసం ఊరూ పేరూ లేని సైట్లో సీనరీ దింపుకోకండి.

పాత హార్డ్ డిస్క్ ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకండి.

మదర్‌బోర్డు మారుస్తున్నా సరే, ముందు డీయాక్టివేట్.

నెట్ ఉన్నప్పుడే చేయండి. సర్వర్ ఒప్పుకున్నట్టు మెసేజ్ వస్తే ఫోన్‌తో ఫోటో తీసుకోండి. రాకపోతే ఆ రోజు సిస్టమ్‌ను షాపుకు పంపకండి.