చెన్నై–తడ రహదారిపై లారీల ప్రభావాన్ని లెక్కగట్టడం ఎలా?

చెన్నైలో సివిల్ ఇంజనీరింగ్ చదువుతూ ట్రాఫిక్ సర్వేను ప్రాజెక్టుగా ఎంచుకున్న తెలుగు విద్యార్థులకు 16వ నంబరు జాతీయ రహదారి చాలా అనువైనది. సెలవులకు నెల్లూరు, ఒంగోలు వెళ్ళేటప్పుడు బస్సు కిటికీలోంచి చూసే రోడ్డే అది. ఎన్నూరు, కాటుపల్లి ఓడరేవుల కంటైనర్లు, గుమ్మిడిపూండి పారిశ్రామికవాడ సరుకు, కార్లు, మోటారు సైకిళ్ళు అన్నీ అక్కడ ఒకే దారిలో నడుస్తాయి. లారీలు ఎన్నో లెక్కపెట్టడం తేలికే. అవి మిగతా వాహనాల గమనాన్ని ఎంత దెబ్బతీస్తున్నాయో తేల్చడమే అసలు పని.

కూడళ్ళకూ, సర్వీసు రోడ్డు వచ్చి కలిసే చోట్లకూ దూరంగా, తిన్నగా ఉన్న భాగాన్ని ఎంచుకోవాలి. నల్లూరు టోల్‌ప్లాజా పక్కన నిలబడి కొలిస్తే తేలేది టోల్ క్యూ ప్రభావమే గాని లారీల ప్రభావం కాదు. స్థానిక పోలీసులకు ముందే తెలియజేసి, ఫుట్ ఓవర్‌బ్రిడ్జి మీది నుంచి వీడియో తీసుకొని, ఇంటికి వచ్చాక ఒక్కో దిశకు విడిగా, 15 నిమిషాలకొక వరుస చొప్పున పట్టిక నింపుకోవాలి. పగటి రద్దీ వేళల్లో నగరంలోకి భారీ వాహనాలపై ఆంక్షలు ఉంటాయి గనుక, ఉదయం రెండు గంటలు మాత్రమే లెక్కించి రోజంతటికీ వర్తింపజేస్తే ఫలితం తప్పుతుంది. పల్లె ప్రాంతపు రహదారులపై గణనకు, రహదారుల ప్రమాణాలను రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ సూచించే పద్ధతి ప్రకారం ఏడాదికి రెండుసార్లు, వరుసగా 7 రోజులు, 24 గంటలూ లెక్కించాలి. విద్యార్థులకు అంత సాధ్యం కాకపోయినా, ఒక పగలూ ఒక రాత్రీ తప్పనిసరి.

తరువాత వాహనాలన్నింటినీ ప్యాసింజర్ కార్ యూనిట్లలోకి (పీసీయూల్లోకి) మార్చాలి, అంటే రోడ్డుపై ఒక్కో వాహనం ఎన్ని కార్లతో సమానమో లెక్కగట్టాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 నాటి మార్గదర్శకాలు కారుకు 1, మోటారు సైకిల్‌కు 0.5, లారీకి లేదా బస్సుకు 3, ట్రైలర్ లారీకి 4.5 చొప్పున నిర్దేశించాయి. ఒక గంటలో 600 కార్లు, 400 మోటారు సైకిళ్ళు, 200 లారీలు, 50 ట్రైలర్లు పోయాయనుకుందాం. మొత్తం 1,250 వాహనాలు, 1,625 పీసీయూలు. సంఖ్యలో ఐదో వంతే ఉన్న భారీ వాహనాల వాటా పీసీయూల్లో 825, అంటే సగానికి కాస్త పైనే.

చాలా రిపోర్టులు ఇక్కడితో ఆగిపోతాయి, ఆగకూడదు. లారీ విలువ ఎప్పుడూ 3గానే ఉండదు. కారు వేగాన్ని లారీ వేగంతో భాగించి, లారీ ఆక్రమించే వైశాల్యాన్ని కారు వైశాల్యంతో భాగించి, ఆ రెండింటినీ గుణిస్తే ఆ గంటకు తగిన విలువ వస్తుంది. కారుకు 5.36, రెండు ఇరుసుల లారీకి 17.62 చదరపు మీటర్లు తీసుకుంటే వైశాల్యాల నిష్పత్తి దాదాపు 3.3. కార్లు గంటకు 80, లారీలు 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే లారీ విలువ 5.3 అవుతుంది. జామ్‌లో రెండూ 20తోనే పాకుతుంటే అదే లారీ 3.3కు దిగుతుంది. ఇది చూసి రద్దీలో లారీల బెడద తగ్గిందని రాసేవారున్నారు. నిజానికి అక్కడ తగ్గింది కారు వేగం. అందువల్ల పీసీయూ పక్కనే సగటు వేగాలను కూడా ఇవ్వాలి. వేగం కోసం రోడ్డు పక్కన 50 మీటర్ల దూరానికి రెండు గుర్తులు పెట్టుకొని, వాటి మధ్య పట్టిన సమయాన్ని వీడియోలో చూస్తే చాలు.

ఇంకొకటి ఏ గుణకానికీ అందదు. 50తో పోయే లారీని 55తో పోయే లారీ దాటాలనుకుంటే, రెండు లారీల పొడవులూ, వాటి మధ్య వదిలే ఖాళీలూ కలిపి దానికంటే 60 మీటర్లు ముందుకు జరగడానికి 43 సెకన్లు పడుతుంది. ఈలోగా రెండూ పక్కపక్కనే దాదాపు 650 మీటర్లు పోతాయి. మన లారీలు కుడివైపు లేన్‌ను విడవని అలవాటు కూడా తోడైతే, వెనుక కార్లకు ఎడమ నుంచి దాటడం తప్ప దారి ఉండదు. అటువంటి ప్రతి సందర్భంలోనూ అది ఎంతసేపు సాగింది, వెనుక ఎన్ని కార్లు చేరాయి, వాటిలో ఎన్ని ఎడమవైపుకు తప్పుకున్నాయి అనే వివరాలను పట్టికలో విడి వరుసలుగా నమోదు చేయాలి.